గ్రావెల్ సైకిల్‌కు ఏ టైరు? హైదరాబాద్ చుట్టూ నేల చెప్పే లెక్క

క్లుప్తంగా: గ్రావెల్ టైర్లు, అంటే కంకర, మట్టిబాటల మీద తొక్కే సైకిళ్ళ టైర్లు, ఎక్కువగా అమెరికా, ఐరోపా మట్టిరోడ్లను మనసులో పెట్టుకుని తయారైనవి. హైదరాబాద్ చుట్టూ ఉన్నవి మొరం, పగలగొట్టిన గ్రానైట్ కంకర, నల్లరేగడి, తుమ్మ ముళ్ళు. ఇక్కడ టైరు పైనుండే బొడిపెల కంటే దాని వెడల్పు, సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) బలం, లోపలి గాలి ఎక్కువ తేడా తెస్తాయి. చాలామందికి 40 నుంచి 45 మి.మీ. వెడల్పు ఉండి, నడుమ నున్నగా, పక్కల బొడిపెలతో ఉండే ట్యూబ్‌లెస్ టైరు సరిపోతుంది. తడి రేగడికి మాత్రం ఏ టైరూ మందు కాదు.

## పేరు అక్కడిది, నేల ఇక్కడిది

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది. దాని మీద 28 మి.మీ. సన్నటి టైరు ఏ ఇబ్బందీ లేకుండా పోతుంది. అదే సైకిల్‌తో ట్రాక్ దిగి గండిపేట అవతలి మట్టిబాట పడితే కాసేపటికే చేతులు తిమ్మిరెక్కుతాయి, ఇంకాసేపటికి వెనక చక్రంలో గాలి పోతుంది. గ్రావెల్ సైకిల్ అనే మాట ఇక్కడ వినపడటానికి కారణం ఈ తేడానే. చూడటానికి రోడ్ సైకిల్ లాగే వంపు హ్యాండిల్ ఉంటుంది. ఫ్రేములో మాత్రం వెడల్పు టైరుకు చోటుంటుంది, డిస్క్ బ్రేకులు ఉంటాయి, కూర్చునే తీరు కాస్త నిటారుగా ఉంటుంది.

సైకిల్ కొనేదాకా పెద్ద చిక్కు లేదు. చిక్కంతా టైరు దగ్గర మొదలవుతుంది. 35 మి.మీ. నుంచి 50 మి.మీ. దాటేదాకా వెడల్పులు, నున్నటివి, సగం నున్నటివి, బొడిపెలవి, బురదవి అంటూ రకాలు. డబ్బా మీద 'పొడి గట్టి నేల', 'వదులు కంకర' అని రాసి ఉంటుంది. ఆ మాటలు ఎక్కడి నేలను చూసి రాసినవో తెలిస్తే సగం అయోమయం తీరుతుంది.

గ్రావెల్ సైకిల్ పోటీల్లో బాగా పేరున్నది అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఎంపోరియా ఊళ్ళో జరిగే అన్‌బౌండ్ గ్రావెల్. 2006లో వేరే పేరుతో మొదలైంది. ప్రధాన పోటీ దూరం 200 మైళ్ళు, అంటే సుమారు 320 కిలోమీటర్లు. అక్కడ పొలాల మధ్య గీత గీసినట్టు సాగే రోడ్లను గ్రేడర్ యంత్రంతో చదును చేసి, కంకర పరిచి, ప్రభుత్వమే చూసుకుంటుంది. ఇటలీలో టస్కనీ తెల్లమట్టి రోడ్లు ఇంకో రకం, గట్టిగా నలిగి పైన పొడి తేలి ఉంటాయి. రెండుచోట్లా 'గ్రావెల్' అంటే చాలా దూరం ఒకే తీరుగా సాగే రోడ్డు. హైదరాబాద్ చుట్టుపక్కల పది కిలోమీటర్లు ఒకే రకం నేల దొరకడం అరుదు.

## ఊరి చుట్టూ నాలుగు రకాల నేల

హైదరాబాద్ కూర్చున్నది దక్కను పీఠభూమి గ్రానైట్ మీద. ఖాజాగూడలో, మౌలాలిలో కనిపించే ఆ గుండ్లే లక్షల ఏళ్ళుగా చితికి మొరంగా, ఎర్రటి చల్క నేలగా మారాయి. మొరంలో ఇసుక గింజ పెద్దది, నీళ్ళు నిలవవు. వాన వెలిసి ఒకపూట ఎండ కాస్తే మళ్ళీ తొక్కవచ్చు. అయితే ఎండాకాలం నాటికి బండ్ల చక్రాలకు నలిగి పైపొర వదులవుతుంది. మలుపులో ముందు చక్రం గోళీల మీద పెట్టినట్టు జారుతుంది.

రెండోది కంకర. షాద్‌నగర్, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు ఎటు వెళ్ళినా కొత్త వెంచర్లు, వాటిలో సగం వేసి వదిలేసిన రోడ్లు. క్రషర్‌లో పగిలిన గ్రానైట్ ముక్క ఏటిలో దొర్లిన గులకరాయి లాంటిది కాదు, దానికి అంచులుంటాయి. రోలర్ తొక్కి డస్ట్ కప్పితే పర్వాలేదు. వాన ఆ డస్ట్‌ను కడిగేశాక మిగిలేది టైరు పక్కభాగాన్ని కోసే రాయి. టిప్పర్లు తిరిగే దారుల్లో దీనికి తోడు సిమెంటు రేకులాంటి అలలు పుడతాయి. చక్రం ఒక వేగం దాటితే నేల మీది చిన్న ఎగుడుకు ఎగిరి పడుతుంది. పడ్డచోట మట్టి నెట్టుకుపోతుంది, పక్కనే ఇంకో ఎగుడు లేస్తుంది. వేల చక్రాలు అదే పని చేస్తే రోడ్డంతా రేకే.

మూడోది నల్లరేగడి. చేవెళ్ల దాటి వికారాబాద్ వైపు పోయేకొద్దీ గ్రానైట్ వెనకపడి, లావా రాయి మీద ఏర్పడ్డ నల్లనేల మొదలవుతుంది. మూసీ పుట్టిన అనంతగిరి కొండల నెత్తిన లేటరైట్, పక్కన రేగడి. ఇంకా ముందుకు, తాండూరు దాకా పోతే నాపరాయి క్వారీలు. అక్కడ బాట పక్కన పోసిన బండ పెచ్చులు కత్తుల్లా ఉంటాయి. నాలుగోది అందరికీ తెలిసినదే, తార్రోడ్డు. నగరం నుంచి బయటపడాలన్నా మళ్ళీ ఇల్లు చేరాలన్నా అదే దిక్కు. ఆదివారం పొద్దున 60 కిలోమీటర్లు తొక్కితే అందులో సగానికి పైగా తారే ఉండటం మామూలు.

ఇంత దగ్గరలో మట్టిబాటలు మిగలడానికి ఒక పాత జీవో కూడా కారణం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల నీటిని కాపాడటానికి 1996లో వచ్చిన 111 జీవో వాటి చుట్టూ 84 గ్రామాల్లో భారీ నిర్మాణాలను ఆపింది. నగరం ఉత్తరాన, తూర్పున పెరిగినట్టు ఈ పడమటి పల్లెల్లో పెరగలేకపోయింది. 2022 నుంచి ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించే దారి పట్టింది. మొయినాబాద్ వైపు ఈ రోజు మొరంగా ఉన్న బాట నాలుగేళ్ళ తర్వాత సీసీ రోడ్డు కావచ్చు.

## వెడల్పు: పాలవాడి సైకిల్‌కు తెలిసిన సంగతి

సన్నటి టైరే వేగంగా పోతుందన్న నమ్మకం చాలా పాతది. కానీ ఇక్కడి పల్లెల్లో పాల క్యాన్లు కట్టుకుని తిరిగిన నల్ల సైకిల్ టైరు ఎంత వెడల్పు? దాని పక్కన 28 × 1½ అని ఉంటుంది. మిల్లీమీటర్లలో చెబితే 40. ఇవాళ వేల రూపాయలు పోసి కొంటున్న గ్రావెల్ టైరు వెడల్పూ దాదాపు అంతే. మట్టిబాట మీద బరువు మోయాలంటే ఎంత గాలి పట్టాలో ఆ సైకిల్ చేసినవాళ్ళకు ఎప్పుడో తెలుసు. మారింది రబ్బరు, లోపలి దారం, రిమ్ము.

28 మి.మీ. నుంచి 40కి పోతే వెడల్పు ఒకటిన్నర రెట్లు కూడా కాదు. గాలి పట్టే చోటు మాత్రం రెట్టింపు అవుతుంది, ఎందుకంటే అది వెడల్పు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గాలి ఎక్కువ పడితే తక్కువ ఒత్తిడితో అదే బరువును మోయవచ్చు. రాయి తగిలినప్పుడు రిమ్ము దాకా దెబ్బ పోకుండా మధ్యలో గాలి దిండు ఉంటుంది.

మరి 50 మి.మీ. ఎందుకు కాదు? ఈమధ్య అన్‌బౌండ్‌లో ముందు వరస పోటీదారులు మౌంటెన్ బైక్ టైర్లే, అంటే 2.1, 2.2 అంగుళాలవి, వాడుతున్నారు. అది చూసి ఇక్కడా అదే వెయ్యాలనడం తొందరపాటు. వాళ్ళకు రోడ్డంతా రాయే. ఇక్కడ సగం తారు. పైగా చాలా గ్రావెల్ ఫ్రేముల్లో 45కు మించి పట్టదు. పట్టినా అంచు రాసుకునేంత దగ్గరగా ఉంటే రేగడిలో ఏమవుతుందో ముందు ముందు చూడవచ్చు.

## గాలి: అసలు తేడా ఇక్కడే

టైరు మార్చకుండా, రూపాయి ఖర్చు లేకుండా సైకిల్ నడకను మార్చేది గాలి ఒక్కటే. అయినా ఎక్కువమంది గట్టిగా కొట్టించుకునే వస్తారు. బొటనవేలితో నొక్కితే లోపలికి పోకూడదన్నది పాత లెక్క.

చక్రం దొర్లేటప్పుడు శక్తి రెండు దారుల్లో పోతుంది. ఒకటి, టైరు నేలను తాకినచోట నొక్కుకుని, దాటాక మళ్ళీ లేచేటప్పుడు రబ్బరులో వేడిగా పోయేది. గాలి పెంచితే ఇది తగ్గుతుంది. రెండోది, గతుకు తగిలిన ప్రతిసారీ సైకిలూ మనిషీ పైకి లేచి పడటంలో పోయేది. ఒళ్ళు కుదిపినప్పుడు కండరాలు ఆ శక్తిని మింగేస్తాయి. గాలి పెంచితే ఇది పెరుగుతుంది. ఉక్కు డ్రమ్ము మీద టైరును తిప్పి కొలిచినన్నాళ్ళు మొదటిది మాత్రమే లెక్కకు వచ్చింది. డ్రమ్ము నున్నగా ఉంటుంది, దాని మీద మనిషి ఉండడు. ఎంత గట్టి గాలైతే అంత వేగం అన్న నిర్ణయానికి రావడం అందువల్లే. గతుకుల బాటలో రెండో ఖర్చు మొదటిదాన్ని మింగేస్తుంది. తగ్గించిన గాలి మెత్తగా అనిపిస్తుంది కాబట్టి నెమ్మదిగా పోతున్నట్టు తోస్తుంది. గట్టి టైరు గడగడలాడిస్తుంది కాబట్టి వేగంగా పోతున్నట్టు భ్రమ.

పట్టు సంగతి ఇంకా తేలిక. వెనక చక్రం మీద 50 కిలోల భారం ఉందనుకుందాం. గాలి ఒత్తిడి 40 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.8 కిలోలు. 50ని దానితో భాగిస్తే టైరు నేలను తాకే జాగా 18 చదరపు సెంటీమీటర్లు. గాలి 30కి దించితే అదే జాగా 24 అవుతుంది. మూడో వంతు పెరిగింది. వదులు మొరం మీద ఎక్కుడు ఎక్కేటప్పుడు వెనక చక్రం ఊరికే తిరగడానికి, పట్టి ముందుకు నెట్టడానికి మధ్య తేడా చాలాసార్లు ఇంతే ఉంటుంది.

ఇంకో సంగతి తరచూ మరుగున పడుతుంది. టైరు గోడ మీద పడే లాగుడు, గాలి ఒత్తిడినీ వెడల్పునూ గుణిస్తే వచ్చేది. 28 మి.మీ. టైరులో 80 పీఎస్ఐ ఎంత బిగువో 40 మి.మీ. టైరులో 56 పీఎస్ఐ కూడా అంతే బిగువు. వెడల్పు టైరు వేసుకుని పాత అలవాటు కొద్దీ 60 కొట్టించుకునేవాళ్ళు రాయితో సమానమైన చక్రం మీద తిరుగుతున్నట్టు.

70 కిలోల మనిషికి, 40 మి.మీ. ట్యూబ్‌లెస్ టైరుకు తారు, మొరం కలిసిన దారిలో ముందు 28, వెనక 32 పీఎస్ఐ మొదలుపెట్టడానికి మంచి లెక్క. వెనక చక్రానికి బరువు ఎక్కువ కాబట్టి అక్కడ కాస్త ఎక్కువ. ట్యూబు ఉంటే ఇంకో ఐదు కలుపుకోవాలి. లేకపోతే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పాముకాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఆపైన రెండేసి పీఎస్ఐ తగ్గిస్తూ చూడటమే పద్ధతి. మలుపులో టైరు పక్కకు ఒరుగుతున్నట్టు అనిపించినా, రిమ్ముకు 'టక్' మని దెబ్బ తగిలినా రెండు పెంచితే చాలు.

ఎండాకాలంలో ఇంకో లెక్క తోడవుతుంది. తెల్లారి 27 డిగ్రీల చల్లదనంలో 35 పీఎస్ఐ కొట్టిన టైరు, కారు డిక్కీలోనో ఎండలోనో ఉండి 57 డిగ్రీలకు చేరితే దాదాపు 40 చూపిస్తుంది. ఎవరూ పంపు ముట్టుకోకుండానే ఐదు పెరిగినట్టు.

పంక్చర్ షాపు కంప్రెసర్ ఈ పనికి కుదరదు. దాని మీటరు మోటార్ సైకిల్ లెక్కకు సరిపడేది, రెండు పీఎస్ఐ తేడా అందులో తెలియదు. సన్న వాల్వుకు అడాప్టర్ కూడా కావాలి. కొక్కెం లేని (టైరు అంచును పట్టి ఉంచే వంపు లేని) రిమ్ములైతే ఇంకా జాగ్రత్త. వాటికి ప్రమాణాల ప్రకారం గరిష్ఠ హద్దు 5 బార్, అంటే 72 పీఎస్ఐ. ఒక్క గట్టి దెబ్బకు కంప్రెసర్ అది దాటేయగలదు. మీటరున్న ఫ్లోర్ పంపు మీద పెట్టిన డబ్బు ఖరీదైన టైరు మీద పెట్టినదాని కంటే ఎక్కువ పనికొస్తుంది.

## పల్లేరు కాయ

పల్లేరు కాయ ఎండితే ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కకు రెండు పొడుగు ముళ్ళు, రెండు పొట్టివి. నేల మీద ఎలా పడ్డా ఒక ముల్లు ఆకాశం వైపు చూస్తూనే ఉంటుంది. చెప్పులు లేకుండా చేలో నడిచినవాళ్ళకు ఇది కొత్త విషయం కాదు. ఆ ముల్లు పొడవు కొద్ది మిల్లీమీటర్లే. తేలికపాటి గ్రావెల్ టైరు నడిమి మందం కూడా మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించదు కాబట్టి అదే చాలు. వానల్లో పెరిగి శీతాకాలానికి ఎండుతుంది. హైదరాబాద్‌లో సైకిల్ తొక్కడానికి మంచి కాలం కూడా శీతాకాలమే.

దీనికి తుమ్మ తోడు. చేల గట్ల మీద కంచెగా వేసిన తుమ్మ కంప బాట మీదికి రాలుతుంది. చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ సంగతి చెప్పక్కర్లేదు. ఈ నేలలో ట్యూబు వేసుకుని తిరిగితే ఒకే ఉదయం మూడుసార్లు పంక్చర్ అయినా ఆశ్చర్యం లేదు. అందుకే ట్యూబ్‌లెస్ ఇక్కడ షోకు కాదు. లోపల పోసిన సీలెంట్, అంటే రబ్బరు పాలు కలిపిన ద్రవం, ముల్లు పీకగానే చిల్లులోంచి గాలితో పాటు బయటికి వచ్చి అక్కడే గడ్డకట్టి మూసేస్తుంది. 40 మి.మీ. టైరుకు 50, 60 మి.లీ. కావాలి. చల్లటి దేశాల్లో అది ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇక్కడి ఎండలకు రెండు మూడు నెలల్లో ఎండి అట్ట కడుతుంది. సీలెంట్ పోయించామని ఏడాది పాటు నిశ్చింతగా ఉన్నవాళ్ళు, నిజానికి ఉత్త టైరు మీద తిరుగుతున్నారు.

సీలెంట్‌కు చేతకానిది రాతి కోత. కంకర అంచు సైడ్‌వాల్‌ను చీలిస్తే పాలు ఆగవు. నడుమ ముళ్ళను ఆపే పొర ఉన్నా సైడ్‌వాల్ పలచగా ఉన్న టైరు ఇక్కడ సగం రక్షణే. పక్కభాగానికీ అడ్డుపొర ఉన్న రకానికి వంద గ్రాముల దాకా బరువు ఎక్కువ. ఈ ఊరికి ఆ బరువు దండగ కాదు. కోత పడితే చేసేది ఒకటే: లోపలి నుంచి పాత టూత్‌పేస్ట్ ట్యూబు ముక్క పెట్టి, మామూలు ట్యూబు ఎక్కించి ఇంటికి చేరడం. మోటార్ సైకిల్‌కు పెట్టే రబ్బరు స్ట్రిప్ సైకిల్ టైరులో గుచ్చితే చిల్లు మరింత పెద్దదవుతుంది. సైకిల్‌కు వేరే సన్న ప్లగ్గులున్నాయి.

## బొడిపెలు ఎంతవరకు?

షాపులో అందరి చూపూ ముందు పడేది దీని మీదే, తేలికగా తేలిపోయేదీ ఇదే. గట్టి నేల మీద, తారు మీద పట్టు ఇచ్చేది రబ్బరు నేలను తాకే జాగా. బొడిపె అక్కడ ఆ జాగాను తగ్గిస్తుంది. పైగా 'బుర్ర్' మని మోత. బొడిపెకు పని వదులు నేలలోనే, అదీ మలుపులో సైకిల్ ఒరిగినప్పుడు పక్క బొడిపెలకు. అందువల్ల నడుమ నున్నగా, పక్కల బొడిపెలు ఉన్నది హైదరాబాద్ మిశ్రమానికి సరిపోతుంది. ముందు చక్రానికి కాస్త ఎక్కువ బొడిపెలది, వెనక నున్నటిది వేసుకోవడం కూడా పాత ఉపాయమే. ముందు చక్రం జారితే మనిషి పడతాడు. వెనకది జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు.

## రేగడి దగ్గర లెక్కలన్నీ తప్పుతాయి

నల్లరేగడిలో ఉండే బంకమట్టి నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. తడిసినప్పుడు నేలకంటే టైరునే గట్టిగా పట్టుకుంటుంది. మొదటి పది చుట్లలో టైరు బొద్దుగా అవుతుంది. తర్వాత ఆ మట్టి ఫ్రేముకూ చక్రానికీ మధ్య ఇరుక్కుంటుంది, గడ్డిపరకలు కలిసి ఇటుకలా బిగుస్తుంది, చక్రం ఆగిపోతుంది. అప్పుడు మొండిగా తొక్కితే వెనక డీరేలర్ (గేర్లు మార్చే భాగం) విరిగే ప్రమాదం ఉంది.

బురద టైరు అని అమ్మేవి దీనికి కాదు. అవి జారే పలచటి బురదకు. రేగడిలో కాస్తయినా సాయపడేది టైరుకూ ఫ్రేముకూ మధ్య ఖాళీ. 45 పట్టే ఫ్రేములో 40 వేసుకున్నవాడు 45 వేసుకున్నవాడి కంటే కొంత దూరం ఎక్కువ పోతాడు. వానాకాలంలో వెడల్పు తగ్గించడం మంచిదని చెప్పడానికి కారణం ఇది. వాన వెలిసిన మర్నాడు మొరం వైపు, అంటే గండిపేట, శామీర్‌పేట దిక్కుకు వెళ్ళవచ్చు. వికారాబాద్ రేగడి బాటలకు రోజుల తరబడి ఎండ కావాలి.

## 28లో ఉన్న మోసం

టైరు కొనేటప్పుడు నమ్మదగ్గ అంకె ఒక్కటే: 40-622 లాంటిది. మొదటిది వెడల్పు, రెండోది టైరు రిమ్ము మీద కూర్చునే వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. గ్రావెల్ సైకిళ్ళలో ఎక్కువ వాటికి 622, దాన్నే 700సీ అంటారు. కొన్నిటికి 584. అదే టైరు మీద 28 × 1.50 అని కూడా ఉండవచ్చు. పాలవాడి సైకిల్ టైరు మీద ఉండేది 28 × 1½. లెక్కల పుస్తకంలో రెండూ ఒకటే, సైకిల్ షాపులో కాదు. భిన్నంలో రాసినది 635 మి.మీ. రిమ్ముకు. 13 మి.మీ. తేడా, ఒకటి ఇంకోదానిమీద కూర్చోదు. కోఠీలోనో సికింద్రాబాద్‌లోనో '28 సైజు' అని అడిగితే చేతికి వచ్చేది చాలాసార్లు ఈ రెండోదే.

## ఇకముందు

ఔటర్ అవతల సుమారు 340 కిలోమీటర్ల రీజనల్ రింగ్ రోడ్డు ప్రతిపాదన ఉంది. ఆ రెండు వలయాల మధ్య పల్లెలకు తారు, సిమెంటు చేరేకొద్దీ మట్టిబాట నగరానికి దూరం జరుగుతుంది. అక్కడికి చేరడానికి తొక్కే తార్రోడ్డు పొడుగవుతుంది. అంటే టైరు నడిమి భాగం ఇంకా నున్నగా, ఇంకా చురుగ్గా ఉండాల్సిన అవసరం పెరుగుతుంది. మరోవైపు వెంచర్ల కంకర కూడా పెరుగుతుంది కాబట్టి సైడ్‌వాల్ పలచబడే వీలు లేదు. ఇప్పుడే కొత్త టైరు కొనాలనుకోనివాళ్ళకు చేతిలో ఉన్న పని వేరే ఉంది. హైబ్రిడ్ సైకిల్‌కు 35 మి.మీ. టైరు ఉంటే, ఈ ఆదివారం అందులో గాలి 60 నుంచి 45కి దించి చెరువు కట్ట మీద ఒక చుట్టు తిరిగి చూడవచ్చు.